అన్నీ రాశారు, వస్తున్నదీ లేనిదీ తప్ప

శుభలేఖ అందగానే ఫోను తీసి "అందిందమ్మా, ముందు రోజే వచ్చేస్తాం" అనేసేవాళ్ళకి ఈ వ్యాసంతో పనిలేదు. పిలుపు కాగితం మీద వచ్చింది కాబట్టి జవాబూ కాగితం మీదే వెళ్ళాలని పట్టుబట్టే పెద్దవాళ్ళు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇంకా మిగిలారు. కళ్ళజోడు తుడుచుకుని, మంచి పెన్ను వెతికించుకుని, ఇంట్లో టీవీ కట్టించి మరీ రాస్తారు. ఉత్తరం అద్భుతంగా వస్తుంది. అందుకున్నవాళ్ళు రెండుసార్లు చదువుతారు. తర్వాత ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటారు.

బొబ్బిలిలో రిటైరైన మాస్టారొకరు ఉన్నారనుకోండి. టెక్కలి నుంచి పెళ్ళి పిలుపు వచ్చింది. పెళ్ళికూతురి నాయనమ్మకి ఈయన పినతల్లి కొడుకు, అంటే అన్న వరస. కాబట్టి పెళ్ళికూతురి తండ్రి మేనల్లుడు వరస. మాస్టారు ఇలా రాశారు:

"చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఉభయకుశలోపరి. మీరు పంపిన శుభలేఖ అందినది. అచ్చు మిక్కిలి ముచ్చటగా నున్నది. ఈ వృద్ధుని మరువక పిలిచినందులకు మా ఆనందమునకు అవధులు లేవు. చిట్టితల్లి పెండ్లి కన్నులారా చూడవలెనని ఎంత కాలముగానో కోరిక. మీ అత్తయ్య మోకాళ్ళ సంగతి మీకు తెలియనిది కాదు. చేలో పని కూడ అట్లే యున్నది. అయినను ఇట్టి శుభకార్యమునకు అట్టివి అడ్డు కానేరవు గదా. దైవానుగ్రహం ఉండిన అందరము కలిసికొనెదము. పనసపొట్టు కూరలో ఆవ మరువవలదు. ఇట్లు, మీ మావయ్య."

టెక్కలిలో ఇది అరుగు మీద చదవబడుతుంది.

"మా అన్న వత్తన్నాడు" అని నాయనమ్మ తేల్చేసింది. "రానోడు కూరలో ఆవ గురించి అడుగుతాడేటి?"

"మోకాళ్ళన్నాడు, చేలో పనన్నాడు. రాడమ్మా" అన్నాడు కొడుకు.

"అడ్డు కావన్నాడు కదరా!"

కోడలు కాగితం తీసుకుని ఇంకోసారి చదివింది. "అందరము అన్నారండీ. అందరూ అంటే ఎంతమంది? మావయ్యగారూ అత్తయ్యగారేనా, కొడుకులూ కోడళ్ళూ మనవలూనా?"

వంట ఒప్పుకున్నాయన స్తంభానికి ఆనుకుని అంతా విన్నాడు. "నాకియన్నీ తెల్దు బాబూ. ఆకులెన్నో సెప్పండి."

ఇద్దరికీ పన్నెండుగురికీ తేడా పెద్దదేం కాదనిపిస్తుంది. ఇలాంటి ఉత్తరాలు పది ఇళ్ళ నుంచి వస్తే ఇరవైమందా, నూట ఇరవైమందా? వంద విస్తళ్ళ తేడా. అంటే పది పన్నెండు కిలోల బియ్యం, ఆకుకి రెండు చొప్పున రెండు వందల బూరెలు, ఒక గుండిగ దప్పళం. తక్కువ వండితే ఆఖరి బంతిలో పరువు పోతుంది. ఎక్కువ వండితే మర్నాడు వీధి వీధంతా పులిహోర తినాలి.

మాస్టారి ఉత్తరంలో లోపం భాషలో లేదు, అభిమానంలో అసలే లేదు. శుభకార్యం ఉత్తరంలో "రాలేను" అనే మాట అశుభమని ఆయన భయం. "వస్తాను" అని రాసి రాకపోతే మాట పోతుందని ఇంకో భయం. రెండు భయాల మధ్య కృతజ్ఞత పుష్కలంగా పోశారు. పిలిచినవాళ్ళకి కావలసిన ముక్క అందులో మునిగిపోయింది. పిలుపుకి జవాబంటే ముందు జవాబు, తర్వాతే సంతోషం. రాసేవాళ్ళు దీన్ని తిరగేస్తారు.

మొదటి వాక్యంలోనే మూడు సంగతులు పడాలి: ఏ పెళ్ళి, వస్తున్నదీ లేనిదీ, ఎంతమంది. "చిట్టితల్లి పెళ్ళికి మీ అత్తయ్యా నేనూ పెద్దాడూ ముగ్గురం వస్తున్నాం. పన్నెండో తేదీ గురువారం మధ్యాహ్నం భోజనాల వేళకి ఇంటికి చేరతాం." ఏ పెళ్ళో ఎందుకు చెప్పాలంటే మాఘమాసంలో ఒకే ఇంటి నుంచి రెండు శుభలేఖలు రావడం వింత కాదు. పెళ్ళికనుకుని మీరు ఉత్త "వస్తాం" అని రాస్తే ఆ ఇంట్లో గృహప్రవేశానికి లెక్కేసుకుంటారు. ఇది అయ్యాక మోకాళ్ళ గురించి ఎంతైనా రాసుకోవచ్చు. మోకాళ్ళు నిజంగా బాగాలేకపోతే మెట్లు ఎక్కలేరనీ, కింద కూర్చోలేరనీ రాయండి. బంతిలో ఒక కుర్చీ, బల్ల వేయిస్తారు. ఆ ముక్క పనికొచ్చేది.

రాలేనివాళ్ళు ఇంకా తొందరగా తేల్చాలి. "పెళ్ళికి రాలేకపోతున్నాం" అని రాసేసి కారణం ఒక్కటే చెప్పాలి. మూడు కారణాలు చెబితే మూడూ అబద్ధాలే అనుకుంటారు. పైగా నొప్పులు, చేను, మనవడి పరీక్షలు అని వరసగా రాస్తే ఆ ఇంటి పెద్దావిడ ఒక్కోదానికీ పరిష్కారం చూపించి, కారు పంపిస్తానంటుంది. చదివింపులు ఎవరి చేతనైనా పంపుతుంటే ఎవరితో పంపుతున్నారో ఉత్తరంలో రాయడం చాలా ముఖ్యం. చదివింపుల పుస్తకం దగ్గర కూర్చునే కుర్రాడు డబ్బులు ఎవరి చేతిలోంచి వస్తే వాళ్ళ పేరే రాస్తాడు. మీ నూటపదహార్లు పక్కింటివాళ్ళ పేరున ఎక్కిందంటే ఆ లెక్క రెండు తరాలు తెమలదు. మొత్తం ఎంతో మాత్రం కార్డు మీద రాయకండి. దాన్ని మీ ఊరి పోస్టాఫీసూ వాళ్ళ ఊరి పోస్టాఫీసూ చదువుతాయి.

ముహూర్తం దగ్గర జరిగే గొడవ వేరే జాతిది. శుభలేఖలో "12వ తేదీ గురువారం రాత్రి గం. 2.14 లకు (తెల్లవారితే శుక్రవారం)" అని ఉంటుంది. పంచాంగానికి రోజంటే సూర్యోదయం నుంచి మళ్ళీ సూర్యోదయం దాకా. కాబట్టి అర్ధరాత్రి దాటినా అది గురువారమే. ఫోనులో క్యాలెండరుకి పన్నెండు గంటలు కొట్టగానే శుక్రవారం, పదమూడో తేదీ. హైదరాబాదులో ఉద్యోగం చేసే కొడుకు బ్రాకెట్లో ముక్క మాత్రం చూస్తాడు. "శుక్రవారం సాయంత్రానికి అందరం దిగుతాం" అని నాన్న చేత రాయిస్తాడు. శుక్రవారం సాయంత్రం వీళ్ళు దిగేసరికి పందిరి గుంజలు పీకుతుంటారు, పెళ్ళికూతురు అత్తవారింట్లో ఉంటుంది. బ్రాకెట్ చూడకపోవడం ఇంకో ప్రమాదం. పన్నెండో తేదీ "రెండు గంటలకి" అని మధ్యాహ్నం లెక్కన వచ్చి, పన్నెండు గంటల ముందే పీటల ఎదురుగా కూర్చుంటారు. జవాబులో శుభలేఖలోని తేదీని తిరిగి రాయడం కన్నా, "గురువారం పగలు చేరి, ఆ రాత్రి ముహూర్తం చూసుకుని, శుక్రవారం ఉదయం బయల్దేరతాం" అని రాస్తే తప్పు చదివారో ఒప్పు చదివారో అవతలివాళ్ళకి వెంటనే తెలుస్తుంది, తప్పైతే ఫోను చేస్తారు.

రైల్లో వచ్చేవాళ్ళు "శ్రీకాకుళం స్టేషనుకి ఎవరినైనా పంపండి" అని రాస్తారు. శ్రీకాకుళం రోడ్డు స్టేషను ఉన్నది ఆమదాలవలసలో. ఊళ్ళోంచి పది కిలోమీటర్ల పైమాట. స్థానికులకి ఇది తెలుసు, కాబట్టి గొడవ లేదు. ఇద్దరూ బయటివాళ్ళైతే ఒకడు ఊళ్ళో బస్సుల కాంప్లెక్సు దగ్గరా, ఇంకొకడు ఆమదాలవలసలో ప్లాట్‌ఫారం మీదా నిలబడి ఒకరినొకరు తిట్టుకుంటారు.

ఇక శైలి. వాడుక భాష కోసం జన్మంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టింది 1863 ఆగస్టు 29న, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో. ఆ రోజునే తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నాం. ఆగస్టులో సభకి వెళ్ళి చప్పట్లు కొట్టినాయనే ఇంటికొచ్చి "తమ ఆహ్వానపత్రిక యందలి" అని మొదలుపెడతాడు. అందులోనూ శుభలేఖనే నమూనాగా ముందు పెట్టుకుని జవాబు రాస్తే కొంప మునుగుతుంది. "సపరివార సమేతంగా విచ్చేసి, మదర్పిత చందన తాంబూలాది సత్కారములు స్వీకరించ ప్రార్థన" అన్న వాక్యం చెవికి బాగుందని యథాతథంగా దింపేస్తారు. అది చదివిన పెళ్ళివారు, వీళ్ళింట్లో కూడా ఏదో కార్యం పెట్టుకున్నారు కాబోలు, తేదీ వెయ్యడం మరిచారనుకుంటారు. మర్యాదస్తులైతే బట్టలు పెట్టడానికి పదిమంది బయల్దేరి వచ్చేస్తారు కూడా. "మీరిచ్చే తాంబూలం అందుకుంటాం" అంటే సరిపోయేది.

దగ్గరవాళ్ళకి "ధన్యవాదాలు" అని రాయడంలోనూ చిక్కు ఉంది. ఆఫీసరుగారికి, ఊరి పెద్దకి, కొడుకు స్నేహితుడి తండ్రికి అది చక్కగా సరిపోతుంది. సొంత అప్పకి, అంటే అక్కకి, రాశారా, "మనలో మనకి ఇదేటి, పరాయోళ్ళమా?" అని ఆవిడ మూతి ముడుస్తుంది. పెళ్ళి దాకా ఆ కోపం ఉంటుంది, భోజనాల దగ్గర తీరుతుంది. "గుర్తుపెట్టుకుని పిలిచావు, ఇంటిల్లిపాదికీ సంతోషంగా ఉంది" అంటే పని అయిపోతుంది. సంబోధనల్లో చి., చి.ల.సౌ. లాంటివి చిన్నవాళ్ళకే. పాత అలవాటులో ఒక భార్యాభర్తల పేర్లకి అవి అంటించేస్తే, ఆ భార్యాభర్తలు వియ్యంకులని తర్వాత తెలుస్తుంది. వియ్యంకుణ్ణి వయసెంతైనా "బావగారూ" అనే పిలవాలి, నమస్కారంతోనే ముగించాలి. ఆశీస్సులు పంపితే అయిపోయారు. ఆడవాళ్ళ పేర్ల ముందు భర్త ఉన్నదీ లేనిదీ తెలిపే పాత సంకేతాలు పూర్తిగా మానెయ్యడం మేలు. పేరు, పక్కన "గారికి" చాలు.

కాగితం సంగతికొస్తే, మామూలు పోస్టుకార్డు అర్ధరూపాయి. వెనక వైపంతా, చిరునామా వైపు ఎడమ సగం రాసుకోవచ్చు. కుడి సగంలోకి ప్రేమ పొంగకూడదు, అది చిరునామాది. ఇన్లాండు లెటరు రెండున్నర రూపాయలు. దాని అంచు దాకా రాసి జిగురు అంటిస్తే, విప్పేటప్పుడు అంచుతో పాటు ఆఖరి పంక్తి చిరిగి వస్తుంది. ఆ పంక్తిలోనే సాధారణంగా "శుక్రవారం" ఉంటుంది. ఇన్లాండులో ఇంకేమీ పెట్టకూడదన్నది పోస్టాఫీసు నియమం. అక్షింతలు, పైడితల్లమ్మవారి కుంకం పొట్లం, పిల్లకి ఓ నోటు అని దూరిస్తే ఉత్తరం గర్భిణిలా ఉబ్బి, మిషను ముద్ర కింద పగులుతుంది. అవన్నీ కవరులో వెయ్యాలి. నోటు కవరులోనూ వద్దు, చదివింపుల్లో ఇవ్వండి. కవరుకి ఇరవై గ్రాముల దాకా అయిదు రూపాయలు. నాలుగు కాగితాల కవిత్వం, గుప్పెడు అక్షింతలు కలిస్తే ఇరవై దాటుతుంది. స్టాంపు తక్కువైతే, తగ్గినదానికి రెట్టింపు అవతలివాళ్ళ దగ్గర వసూలు చేస్తారు. పిలిచిన పాపానికి వాళ్ళు డబ్బులిచ్చి మీ కృతజ్ఞత కొనుక్కుంటారన్నమాట. తూకం వేయించి స్టాంపు అంటించండి.

శుభలేఖకి నాలుగు మూలలా పసుపు పెట్టినట్టు జవాబుకీ పెడదామనిపిస్తే పొడి పసుపు వేలితో తాకించండి. నీళ్ళలో కలిపి పెట్టారంటే సిరా ఊరి, కుడి కింద మూలనున్న పిన్‌కోడు పసుపు మడుగులో కలిసిపోతుంది. ఆ అంకెలు మన వైపు చాలా అవసరం. వలస, పేట అని ముగిసే ఊళ్ళు లెక్కకు మించి ఉన్నాయి. కొత్తవలస అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే ఏ కొత్తవలస? పోస్టాఫీసు పేరు, మండలం, జిల్లా వేసి, 532 శ్రీకాకుళం వైపు, 535 విజయనగరం వైపు అని చూసుకోవాలి. ఇందులోనూ ఒక మెలిక ఉంది. 2022 ఏప్రిల్లో జిల్లాలు మారాక రాజాం విజయనగరం జిల్లాలోకి, పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళాయి. పిన్‌కోడ్లు మాత్రం కదల్లేదు: రాజాం 532127, పాలకొండ 532440. జిల్లా మారింది కదా అని 535తో సొంతంగా ఒక అంకె కనిపెట్టే బుద్ధిమంతులున్నారు. వాళ్ళ ఉత్తరం ముందు ఇంకో ఊరు చూసి వస్తుంది.

ఎప్పుడు పోస్టు చెయ్యాలన్నదానికి కొలత తేదీ కాదు, కూరగాయల చీటీ. పెళ్ళివారు ఆ చీటీ రాసేలోగా మీ అంకె అందాలి. అంత వ్యవధి లేకపోతే ముందు ఫోనులో లెక్క చెప్పి, సంతోషం తీరిగ్గా రాయండి. వస్తామన్నాక మనసు మారితే మాత్రం ఉత్తరం వద్దు, అది మీ ఖాళీ విస్తరి తర్వాత చేరుతుంది.

ఈ బాధలేవీ లేవని వాట్సాప్ గ్రూపులో శుభలేఖ పెట్టేవాళ్ళ పరిస్థితి కూడా చూశాం. అరవైమంది ఉన్న గ్రూపులో యాభైమంది దండం బొమ్మ పెడతారు. అది "తప్పకుండా వస్తాం" అనే దండమా, "మమ్మల్ని వదిలెయ్యండి" అనే దండమా? పెళ్ళికూతురి తండ్రి ఫోను వంటాయన మొహం ముందు పెట్టి దండాలు లెక్కపెట్టుకోమంటాడు. ఆ బొమ్మ కింద "నలుగురం, గురువారం మధ్యాహ్నం, ఒకరికి ఉల్లి పడదు" అని టైపు చెయ్యడానికి అర నిమిషం పడుతుంది.