‘ఎలాగూ విప్పేశాం కదా’ గారికి

అయ్యా ‘ఎలాగూ విప్పేశాం కదా’ గారూ,

నమస్కారం. తమరికి షెడ్డు లేదు, బోర్డు లేదు, జీఎస్టీ నంబరు లేదు. అయినా గాజువాక ఆటోనగర్‌లో తమరి నోటి మాట మీద జరిగే వ్యాపారం ఇంకెవరికీ జరగదు. మా లారీ ఇంజిన్ ప్రస్తుతం తమరి ఏలుబడిలోనే ఉంది. సగం బల్ల మీద, సగం కిరోసిన్ డబ్బాలో.

మాది పాత ఆరు చక్రాల బండి. పోర్టు నుంచి ఎరువు బస్తాలు, అప్పుడప్పుడూ అరకు వైపు సిమెంటు. లోపల ఉన్నది 697 ఇంజిన్. 6 సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు (సిలిండర్ లోపలి వెడల్పు), పేరులోనే లెక్క చెప్పేస్తుంది. మొన్న అనంతగిరి ఘాట్‌లో రేడియేటర్ గొట్టం కారింది. వేడి చూపించే ముల్లు రెండేళ్ల నుంచీ పడుకునే ఉంది. దాన్ని లేపడం డబ్బు దండగ అన్నది కూడా నేనే లెండి. డ్రైవరు కుర్రాడు నీళ్లు పోసుకుంటూ, దేవుడికి దండాలు పెట్టుకుంటూ పైదాకా లాగించాడు. పైన ఆపి డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ లేదు, అరకు కాఫీ ఉంది. అదీ పాలు దిట్టంగా పోసింది. అంటే నీళ్లు ఆయిల్‌లో కలిసిపోయాయన్నమాట.

షెడ్డుకి లాక్కొచ్చాక మేస్త్రీ చూశాడు. “హెడ్డు దించి, ఫేసింగ్ కొట్టించి, గాస్కెట్ ఏసెస్తే సరిపోద్ది బావూ. పాతిక వేలల్లో అయిపోద్ది” అన్నాడు. హెడ్డంటే సిలిండర్ల పైమూత, ఫేసింగంటే దాని అడుగు చదును చెయ్యడం, గాస్కెట్ అంటే మధ్యలో వేసే పలక. ఆ నిమిషానికి అతను నిజమే చెప్పాడు. హెడ్డు దిగింది. మీద తిన్నటి స్కేలు పెట్టి, కింద సందు కొలిచే ఫిల్లర్ గేజ్ దూర్చాడు. రేకు జారినట్టు దూరిపోయింది. హెడ్డు వంగింది. సరే, వంగుతుందని అనుకున్నదే. మేస్త్రీ చేతులు తుడుచుకుని సిలిండర్లలోకి తొంగి చూశాడు. అదిగో, తమరు అప్పుడు వేంచేశారు.

“ఎలాగూ ఇప్పీసాం కదా బావూ, పిస్టన్లు కూడా ఓపాలి చూసీద్దాం.”

పిస్టన్లు చూస్తే రింగులు కరుచుకుపోయాయి. రింగులు తీస్తే లైనర్ల మీద, అంటే పిస్టన్లు ఆడే గొట్టాల మీద, గీతలు. లైనర్లు మార్చేటప్పుడు రాడ్ బేరింగులు పాతవే వేస్తామా? ఎలుక గోచీ కొరికిందని పిల్లిని, పిల్లి పాలకని ఆవుని తెచ్చుకున్న సన్యాసి కథ చెప్పి మా అమ్మమ్మ చిన్నప్పుడు నవ్వించేది. ఆ ఆవు ఇప్పుడు మా షెడ్డులో కట్టేసి ఉంది. పేరు ఆయిల్ పంపు.

తమరి తెలివిని మెచ్చుకోవాలి. విప్పకముందు నాకు నాలుగు దారులుండేవి. చేయించుకోవచ్చు, ఇంజిన్ మార్చుకోవచ్చు, ఉన్నదున్నట్టు అమ్ముకోవచ్చు, ఇంకో మేస్త్రీకి చూపించుకోవచ్చు. విప్పాక? మూడు గోనె సంచుల్లో ఉన్న ఇంజిన్‌ని ఎవడు కొంటాడు? ఇంకో షెడ్డు వాడు “ఎవరిప్పారో వాళ్లనే బిగించమనండి” అంటాడు. న్యాయమే.

అసలు చిక్కు ఏమిటంటే, తమరు చెప్పేవన్నీ అబద్ధాలు కావు. ఇంజిన్ కిందకి దిగినప్పుడే క్లచ్ ప్లేటు మార్చుకుంటే ఆ కూలి మళ్లీ ఇవ్వక్కర్లేదు. ఒప్పుకున్నాను. ఆ మర్యాద చూసుకుని మర్నాడు “ఎలాగూ బండి ఆగిపోనాది కదా” అంటూ క్యాబిన్‌కి రంగు వేయించడానికి వచ్చారు చూశారా, దానికే నాకు మండింది.

ఇంట్లో సలహాలకి కరువు లేదు. మామగారు “సెకండ్ హ్యాండ్ ఇంజిన్ ఎక్కించేయ్ అల్లుడూ” అంటారు. బాగానే ఉంది. అది ఏ ఘాట్‌లో ఎన్ని కాఫీలు కాచిందో ఎవరికి తెలుసు? పైగా ఇంజిన్ నంబరు ఆర్‌సీలో ఉంటుంది. మార్చిన 14 రోజుల్లో ఆర్టీఓకి చెప్పుకోవాలి. దానికి సరైన కాగితాలు లేకపోతే రేపు ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ వాడు మొట్టమొదట వెతికేది ఆ నంబరే. బామ్మర్దిది ఇంకో పాట: “8 ఏళ్లు దాటిన బండికి ఏటేటా ఫిట్‌నెస్ ఏం చేయిస్తావు బావా, వదిలించేసి కొత్తది తీసుకో.” 2020 ఏప్రిల్ నుంచి కొత్తవన్నీ బీఎస్-6, అంటే పొగ మీద కొత్త నిబంధనల బళ్లు. కొత్త లారీ డీజిల్ ఒక్కటే తాగితే ఊరుకోదు, పొగని శుభ్రం చేసే యాడ్‌బ్లూ అనే ద్రవం కూడా పొయ్యాలి. సెన్సర్ అలిగితే స్పానర్‌కి లొంగదు, లాప్‌టాప్ తెచ్చి బతిమాలాలి. కిస్తీ ఎవరు కడతారో బామ్మర్ది చెప్పలేదు.

కాబట్టి నేనొక పని చేశాను. కాటా చీటీ వెనక, ఖర్చు దాటకూడని అంకె ఒకటి రాసి జేబులో పెట్టుకున్నాను. లక్షా అరవై వేలు. ఈ పని బండి మొదటిరోజు షెడ్డుకి వచ్చినప్పుడే చేసుంటే తమరితో ఇంత పరిచయం అయ్యేది కాదు.

ఇక మిగిలింది క్రాంకు, పిస్టన్ల ఊపుని తిప్పుడుగా మార్చే ఇరుసు. అరిగిన క్రాంకుని గ్రైండింగ్ కొట్టించిన ప్రతిసారీ సన్నబడుతుంది, దానికి తగ్గ మందం బేరింగులు వెయ్యాలి. 10, 20, 30 అంటారు, అంగుళంలో వెయ్యో వంతుల లెక్క. మాది ఇప్పటికే 20లో ఉంది. 30లో నిలబడితే మా ఇంజిన్‌నే కట్టించుకుంటాను. అదీ దాటిపోయిందంటే ఇన్వాయిస్ ఉన్న ఇంజిన్ ఒకటి చూసి, మామగారి మాటే వింటాను.

రేపు ఉదయం పది గంటలకి లేత్ దగ్గర మైక్రోమీటర్ పెట్టి క్రాంకు మందం కొలుస్తారు. నేనూ మేస్త్రీ వెళ్తున్నాం. తమరు రానక్కర్లేదు. గేర్ బాక్స్ ఇంకా విప్పలేదు. దాని వైపు చూడను కూడా చూడొద్దు.

ఇట్లు,
తమరి పాత ఖాతాదారు,
గాజువాక