మూడో బిడ్డను కనమనే ముందు ఈ లెక్క చూడండి

జనాభా తగ్గిపోతోందని వేదికల మీద కొత్తగా కంగారు మొదలైంది. తగ్గుదల నిజమే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక్కో మహిళకు సగటు సంతానం ఆంధ్రలో 1.7, తెలంగాణలో 1.8. తరం నిలబడాలంటే 2.1 ఉండాలి. 1.7 చొప్పున వందమంది తల్లులకు 170 మంది పుడితే, అందులో ఆడపిల్లలు 82 మంది. వాళ్లూ అంతే కంటే మనవరాళ్లు 67 మంది. నా అభ్యంతరమంతా దీనికి చెబుతున్న పరిష్కారం మీదే.

ఎక్కువమందిని కనండని 2024 అక్టోబరులో ముఖ్యమంత్రి చంద్రబాబు పిలుపునిచ్చారు. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనను నవంబరులో అసెంబ్లీ ఎత్తేసింది. ఎత్తేయడం మంచి పనే. కానీ ఆ పిలుపు అందుకునేదెవరు? అదే సర్వే ప్రకారం ఆంధ్రలో 15-49 ఏళ్ల వివాహితల్లో దాదాపు 70 శాతం మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిపోయింది. అందులో మూసిన అండవాహిక గొట్టాలు మళ్లీ కలపాలంటే ఇంకో ఆపరేషన్. గర్భం నిలుస్తుందన్న హామీ లేదు. ఇక తెలంగాణలో కాన్పుల్లో 60 శాతం సిజేరియన్లే. ఒక్కో కోతతో తర్వాతి కాన్పులో మాయ (ప్లసెంటా) పాత కోత మచ్చలోకి పాతుకుపోయే ముప్పు పెరుగుతుంది. అది విడిపోక రక్తస్రావమైతే తల్లి ప్రాణానికే ప్రమాదం. ఈ సంగతి చెప్పకుండా మూడో బిడ్డను కనమనడం అన్యాయం.

పోనీ కన్నారే అనుకుందాం. 2026లో పుట్టిన బిడ్డ సంపాదనలో పడేసరికి 2047 దాటుతుంది. ఇవాళ నలభై దాటినవాళ్లకి అప్పటికి అరవై నిండుతాయి. ఆంధ్రలో నెలకు 4,000 వృద్ధాప్య పింఛనంటే మనిషికి ఏడాదికి 48,000. ఈ ఇరవై ఏళ్లూ ఆ భారం మోయాల్సింది ఇప్పటికే పుట్టి ఉన్నవాళ్లు. పైగా కొత్తగా పుట్టినవాళ్ల చదువు, వైద్యం కూడా వాళ్లమీదే.

జనాభా లెక్కన పంచితే మన లోక్‌సభ సీట్లు తగ్గుతాయన్న భయం నాకూ ఉంది. అది పార్లమెంటులో తేల్చుకోవాల్సిన పేచీ. దాన్ని కాన్పు గదిలోకి తేవద్దు.

చేతిలో ఉన్న దారి ఒకటుంది. ఇద్దరితో ఆపి, పాతికేళ్లలోపే కాన్పులు ముగించుకున్న ఆడవాళ్లు మన ఊళ్ల నిండా ఉన్నారు. వాళ్లకి జీతమొచ్చే పని చూపిస్తే పన్ను కట్టేవాళ్లు, పీఎఫ్ జమ చేసేవాళ్లు ఈ దశాబ్దంలోనే పెరుగుతారు. అడ్డంకులేమిటో అందరికీ తెలుసు. 2017 ప్రసూతి చట్ట సవరణ మొదటి ఇద్దరికి 26 వారాల సెలవిచ్చి, మూడో బిడ్డకు 12 వారాలే ఇచ్చింది. ఈఎస్‌ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) లేనిచోట ఆ జీతమంతా యజమాని నెత్తినే పడుతుంది, అందుకే పెళ్లీడు ఆడపిల్లను పనిలో పెట్టుకోవడానికి వెనకాడతారు. ఆ ఖర్చులో సగమైనా ప్రభుత్వం భరించాలి. 50 మంది ఉద్యోగులుంటే శిశు సంరక్షణ గది తప్పనిసరి అని అదే సవరణ చెప్పింది. ఎన్ని సంస్థల్లో పెట్టారో కార్మిక శాఖ జిల్లాలవారీగా ప్రకటించాలి. అంగన్‌వాడీలను రెండో షిఫ్టుకి ఇంకో ఆయమ్మను వేసి సాయంత్రం ఆరుదాకా నడపాలి, ఆమెకు గౌరవ వేతనం కాదు, జీతం ఇవ్వాలి.