సీ డ్రైవు పక్కన వంద జీబీ పోరంబోకు

గట్టు తగాదాలు పొలాల్లోనే పుడతాయనుకునే రోజులు పోయాయి. 2025 అక్టోబరు 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. దాంతో పాత ల్యాప్‌టాప్ ఉన్న ఇళ్లలో ఓ పుణ్యకార్యం మొదలైంది: విండోస్‌ని ఉన్నచోటే ఉంచి, పక్కన ఉబుంటు అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌కి వంద జీబీ రాసిచ్చి, ఇద్దరి చేతా ఒకే డిస్కులో కాపురం పెట్టించడం. సంకల్పం గొప్పదే. సగంలో కరెంటు పోతుంది, లేదా ఇన్‌స్టాలర్ అడిగిన నాలుగో ప్రశ్నకి మనిషికే ధైర్యం పోతుంది. పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపేస్తారు. మళ్లీ ఆన్ చేస్తే ఉబుంటు రాలేదు, సీ డ్రైవు మాత్రం చిక్కిపోయింది.

ఆ వంద జీబీ ఏమైందో సిట్టింగ్ జడ్జితో విచారణ జరిపించాలన్నది మా డిమాండు. సంఘం వేసి, దాని గడువు మూడుసార్లు పొడిగించి, నివేదిక బయటికి వచ్చేలోపు పాఠకుల పని ఆగకూడదు కాబట్టి మధ్యంతర నివేదిక ఇక్కడ సమర్పిస్తున్నాం.

ముందు ఒక పిటిషన్ కొట్టేయాలి. ‘512 జీబీ కొంటే 476 చూపిస్తోంది, మిగతా 36 ఎవరు మింగారు?’ ఎవరూ మింగలేదు. అమ్మేవాడి లెక్కలో జీబీ అంటే వంద కోట్ల బైట్లు. విండోస్ లెక్కలో 107 కోట్ల చిల్లర. ఆంధ్రలో సెంట్లు, తెలంగాణలో కుంటలు, భూమి అదే. ఆ 36 జీబీ పుట్టనే లేదు, పుట్టనిది పోయిందని ఫిర్యాదు చెల్లదు.

ఇక అసలు కేసు. విండోస్ కీ, ఎక్స్ కలిపి నొక్కి ‘డిస్క్ మేనేజ్‌మెంట్’ తెరవండి. ‘దిస్ పీసీ’లో మీరు రోజూ చూసేది పాస్‌బుక్కు మాత్రమే, ఊరి నక్షా ఇక్కడుంది. నల్ల పట్టీతో ‘అన్ఎలొకేటెడ్’ అనే ముక్క సీకి కుడివైపున ఆనుకునే ఉంటే మీరు అదృష్టవంతులు. సీ మీద రైట్ క్లిక్, ‘ఎక్స్‌టెండ్ వాల్యూమ్’, నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్. అర నిమిషం పని. దీనికే వీధి చివర షాపులో డిస్కంతా ఫార్మాట్ చేసి విండోస్ మళ్లీ వేస్తామంటారు. తప్పు పట్టలేం, వాళ్లకీ పిల్లాపాపలున్నారు.

నల్లగా కాక నీలం పట్టీతో, డ్రైవు అక్షరం లేకుండా, ‘హెల్దీ’ అని రాసి ఉంటే ఇన్‌స్టాలర్ అప్పటికే ప్రహరీ కట్టేసిందన్నమాట. లోపలున్నది ఉబుంటు వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్, దాన్ని విండోస్ చదవలేదు. చదవలేని దానికి ఆరోగ్య ధ్రువపత్రం ఇవ్వడం మాత్రం దానికి చేతనవును. కాబట్టి సైజు చూసి మీరే పోల్చుకోవాలి: మీరిచ్చింది వంద అయితే అది తొంభై పైచిలుకు ఉంటుంది, పక్కన స్వాప్ (ఉబుంటు మెమరీకి ఆసరాగా వాడే చోటు) అనే చిన్న తోక ఉంటే ఉండొచ్చు. అది మీదేనని రూఢి అయ్యాక ‘డిలీట్ వాల్యూమ్’ కొడితే నల్లబడుతుంది. పార్టిషన్ల పట్టిక పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉన్న డిస్కయితే ఒక్కోసారి నలుపు బదులు ఆకుపచ్చ ‘ఫ్రీ స్పేస్’ వస్తుంది. అంటే స్థలం ఇంకా ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ పేరు మీదే ఉందని. దాన్నీ మరోసారి డిలీట్ చేస్తేగానీ సీకి పనికిరాదు.

ఒక హెచ్చరిక. 100 ఎంబీ, కొన్ని ల్యాప్‌టాప్‌లలో 260 ఎంబీ, ఉండే ‘ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్’ ఊరి పొలిమేరలో అమ్మవారి గుడి లాంటిది. డిస్క్ మేనేజ్‌మెంట్ దాన్ని ముట్టుకోనివ్వదు. తెలివి మీరి వేరే దారిలో చెరిపేస్తే మర్నాడు ల్యాప్‌టాప్ లేవదు.

ఇప్పుడు తగాదాల్లోకెల్లా పెద్దది. వంద జీబీ కళ్లెదుటే నల్లగా నిగనిగలాడుతోంది, ‘ఎక్స్‌టెండ్ వాల్యూమ్’ మాత్రం బూడిద రంగులో ఉండి నొక్కినా పలకదు. చూస్తే సీకీ ఆ ఖాళీకీ నడుమ ఏడెనిమిది వందల ఎంబీల రికవరీ పార్టిషన్, విండోస్ చెడితే బాగుచేసే సామాను దాచిన గది. వందెకరాల వెంచరుకి దారి మూసిన పాన్ డబ్బా! దానికక్కడ పట్టా ఎవరిచ్చారంటే, విండోస్ తనకు తానే ఇచ్చుకుంది. పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు పాత రికవరీ గది ఇరుకనిపిస్తే సీ తోకలోంచి కాస్త కోసుకుని కొత్త గది కట్టుకుంటుంది. 2024 జనవరిలో కేబీ5034441 అనే అప్‌డేట్‌కి ఆ గదీ చాలలేదు. 0ఎక్స్80070643 అని ఎర్రర్ ఇచ్చి, రికవరీని 250 ఎంబీ పెంచుకోండని మైక్రోసాఫ్టే జనాన్ని కమాండ్ ప్రాంప్ట్ ముందు కూర్చోబెట్టింది. ఆక్రమణదారుడే తలుపు తట్టి, ‘చోటు చాలట్లేదు, గోడ కొంచెం జరపండి’ అన్నట్టు.

డబ్బా కూల్చేముందు సామాను బయట పెట్టాలి. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ‘రీఏజెంట్‌సీ /డిజేబుల్’ కొట్టండి. ఆ రికవరీ సామాను ఉండే విన్ఆర్ఈ డాట్ విమ్ అనే ఫైలు సీ డ్రైవులో విండోస్, సిస్టమ్32, రికవరీ ఫోల్డరులోకి వచ్చి చేరుతుంది. మామూలుగా కనబడదు, ‘డీఐఆర్ /ఏ’ అంటే కనబడుతుంది. అక్కడ లేకపోతే ఆగిపోండి. కూల్చాక మళ్లీ కట్టడానికి ఇటుకలుండవు.

ఉంటే అదే కమాండ్ ప్రాంప్ట్‌లో ‘డిస్క్‌పార్ట్’ అని కొట్టి, డిస్కుని పంచే ఆ సాధనాన్ని పిలవండి. ‘లిస్ట్ డిస్క్’, ‘సెలెక్ట్ డిస్క్ 0’, ‘లిస్ట్ పార్టిషన్’, ‘సెలెక్ట్ పార్టిషన్ 4’, ‘డిలీట్ పార్టిషన్ ఓవర్‌రైడ్’. సున్నా, నాలుగు ఇక్కడ ఉదాహరణకే. మీ నంబర్లు సైజుతో సరిచూసుకోండి. డిస్క్‌పార్ట్ తహసీల్దారు కాదు, రేపు రమ్మనదు, నిజమేనా అని కూడా అడగదు. ‘క్లీన్’ అనే మాట వినసొంపుగా ఉంటుంది కదా అని కొట్టారో, ఊడ్చేది చెత్తని కాదు, ఆ డిస్కు మీదున్న పార్టిషన్ల పట్టికనే.

ఇప్పుడు నక్షాలోకి వెళితే సీ పక్కన అంతా నలుపు. ఎక్స్‌టెండ్ చేసేటప్పుడు చూపించే అంకెలో 1024 తగ్గించి వేయండి, చివర ఒక జీబీ మిగులుతుంది. డిస్క్‌పార్ట్‌లో మళ్లీ అదే డిస్కును సెలెక్ట్ చేసి, ‘క్రియేట్ పార్టిషన్ ప్రైమరీ’తో అక్కడ కొత్త రికవరీ గది కట్టి, ఎన్‌టీఎఫ్ఎస్‌తో క్విక్ ఫార్మాట్ చేసి, జీపీటీ (కొత్త పద్ధతి పట్టిక) డిస్కయితే ‘సెట్ ఐడీ’తో డీఈ94తో మొదలయ్యే 36 అక్షరాల గుర్తు ఇవ్వాలి. దాన్ని చేత్తో కొట్టే సాహసం వద్దు, మైక్రోసాఫ్ట్ సూచనల పేజీ నుంచి కాపీ చేసుకోండి. అక్కడే ఉన్న ‘జీపీటీ యాట్రిబ్యూట్స్’ లైను కూడా వేస్తే దానికి డ్రైవు అక్షరం తగలదు. చివరగా ‘రీఏజెంట్‌సీ /ఎనేబుల్’. పాన్ డబ్బా రోడ్డు చివరికి మారింది, నష్టపరిహారంతో సహా.

నడుమ అడ్డున్నది రికవరీ కాదు, మీ డీ డ్రైవు అనుకోండి. డీని కోసి సీకి కలపాలన్న ఆశతో మొదలైన కేసులు ఎక్కువగా ఇలాగే తేలతాయి. డీని కోస్తే ఖాళీ డీకి కుడివైపున పడుతుంది, సీకి అందదు. ఉబుంటు పెన్ డ్రైవ్‌లోంచే బూట్ చేసి, జీపార్టెడ్ అనే సాధనంతో డీని కుడికి జరపొచ్చు. అంటే అందులో ఉన్నదంతా ఒక్కొక్క ముక్కగా మోసుకెళ్లి పక్కన పెట్టడం. మూడొందల జీబీ అయితే గంటల పని, సగంలో కరెంటు పోతే సీ పక్కన పోరంబోకు కాదు, డీయే శ్మశానం. మా తీర్పు: ఆ ఖాళీ మీద రైట్ క్లిక్ చేసి ‘న్యూ సింపుల్ వాల్యూమ్’ కొట్టి, ఈ డ్రైవు అని పేరు పెట్టుకుని సినిమాలు దాచుకోండి. పార్టిషన్ సాఫ్ట్‌వేర్ ఉచితమని తెచ్చుకునేవారు మాత్రం ఒకటి గమనించాలి: పథకమంతా గీయనిచ్చి, ‘అప్లై’ నొక్కే ఘడియలో లైసెన్సు డబ్బులడిగే రకాలు అందులో దండిగా ఉన్నాయి.

అరుదైన కేసు ఒకటి. డిస్క్ మేనేజ్‌మెంట్ పట్టీలో సీ 476 అంటుంది, ‘దిస్ పీసీ’ 376 అంటుంది, నలుపు ఎక్కడా లేదు. ప్రహరీ జరిగింది, లోపల ఫైల్ సిస్టమ్ జరగలేదు. నడుమలో ఆగిన పనికి ఇదో గుర్తు. ముందు ‘చెక్‌డిస్క్ సీ: /ఎఫ్’ (టైపు చేసేది సీహెచ్‌కేడీఎస్‌కే) చేసి రీస్టార్ట్ ఇచ్చి, డిస్క్‌పార్ట్‌లో ‘సెలెక్ట్ వాల్యూమ్ సీ’, ‘ఎక్స్‌టెండ్ ఫైల్‌సిస్టమ్’. రెండు లైన్లు.

పార్టిషన్లే మొత్తం మాయమై, ‘డిస్కుని ఇనిషియలైజ్ చేయాలి’ అనో ‘ఫార్మాట్ చేయాలి’ అనో విండోస్ మర్యాదగా అడిగితే, అంతే మర్యాదగా క్యాన్సిల్ నొక్కండి. జీపీటీ డిస్కులో పట్టిక నకలు డిస్కు చివర్న ఇంకోటి ఉంటుంది. టెస్ట్‌డిస్క్ అనే ఉచిత సాధనం గట్టు రాళ్ల గుర్తులు వెతికి పాత సరిహద్దులు తేలుస్తుంది. ఎస్ఎస్‌డీని అప్పటికే ఫార్మాట్ చేసేస్తే మాత్రం చెరిపిన చోటుని నిజంగానే ఖాళీ చేసే ట్రిమ్ తన పని తాను చేసుకుపోతుంది, గట్టు దొరికినా పైరు దొరకదు.

స్థలమంతా తిరిగొచ్చినా ఉబుంటు పేరు ఊరి రికార్డుల్లో ఉంటుంది. దాని పార్టిషన్ చెరిపేసి బూట్ క్రమంలో పేరు పైనే వదిలేస్తే ఉబుంటుని లేపే ప్రోగ్రాము నల్ల తెరమీద ‘గ్రబ్’ అనో ‘గ్రబ్ రెస్క్యూ’ అనో పలకరిస్తుంది. బయాస్‌లోకి వెళ్లి ‘విండోస్ బూట్ మేనేజర్’ని పైకి తేవాలి. అయితే డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ ఉన్న ల్యాప్‌టాప్‌లో బూట్ క్రమం కదిపితే 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. ముందే మైక్రోసాఫ్ట్ అకౌంటులో చూసి కాగితం మీద రాసుకోండి. సొంత ఇంటి తాళం పక్కూళ్లో ఉందని అర్ధరాత్రి తెలియడం బాగోదు. తర్వాత అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో ‘మౌంట్‌వాల్ ఎస్: /ఎస్’ కొడితే ఆ ఈఎఫ్ఐ పార్టిషన్ ఎస్ డ్రైవుగా తెరుచుకుంటుంది. ఎస్ లోపల ఈఎఫ్ఐ ఫోల్డరులో ఉన్న ‘ఉబుంటు’ ఒక్కదాన్నే తీసేయండి. పక్కనే ‘మైక్రోసాఫ్ట్’, ‘బూట్’ ఉంటాయి, వాటిని అలాగే వదిలేయండి.

ఇవన్నీ అయ్యాక రీస్టార్ట్ చేస్తే మళ్లీ ‘ఇన్‌స్టాల్ ఉబుంటు’ అని తెర వచ్చిందా? కంగారు పడకండి, పెన్ డ్రైవ్ ఇంకా పోర్టులోనే ఉంది.