మధ్య కుర్చీ

(ముందు గది. ఎదురుగోడకు టీవీ, దానికి అటూ ఇటూ పదకొండేళ్ల నాటి రెండు చిన్న స్పీకర్లు, కింద అదే వయసున్న స్టీరియో యాంప్లిఫయరు. టీవీ ఎదుట రెండు కుర్చీలున్నాయి. గదికి సరిగ్గా నడిమధ్య ఉన్నది భాస్కరానిది, కుడిగోడను ఆనుకొని ఉన్నది లలితది. ఒక మూల పెద్ద నల్లపెట్టె అలిగిన చుట్టంలా కూర్చుని ఉంది. అది లలిత తమ్ముడు వారం రోజులకు అరువిచ్చిన సబ్‌ఊఫరు, అంటే బాస్ అనే బరువైన స్వరాలను మాత్రమే పలికే స్పీకరు. ఈ దంపతుల గురించి ఒక్క మాట ముందే చెప్పాలి. మామూలు వేళల్లో వీరు అందరిలాగే పొడి మాటల్లో మాట్లాడుకుంటారు. పోట్లాట మొదలైతే మాత్రం కర్త, కర్మ, క్రియ ఏదీ వదలరు. అందుచేత వాక్యాల పొడవును బట్టి ఇంటి వాతావరణాన్ని అంచనా వేసుకోవచ్చు.)

భాస్కరం: లలితా, మూడు రాత్రులు మేలుకొని హోమ్ థియేటరుకు జాబితా సిద్ధం చేశాను. మనం దాచిన సొమ్ములో సగం రిసీవరుకు, పావు వంతు కేబుళ్లకు పోగా, మిగిలిన పావు వంతులో ఏడు స్పీకర్లు వస్తాయి. ఈ లెక్కలో వంక పెట్టడానికి ఏమీ మిగల్చలేదు.

లలిత: ఏడు స్పీకర్లను పావు వంతులో సర్దితే ఒక్కొక్కదానికి దక్కేది మొత్తం సొమ్ములో ఇరవై ఎనిమిదో వంతు. బరువు మోసే ఎద్దుకు గడ్డి తగ్గించి, దాని మెడలోని గంటకు బంగారు పూత పూయించినట్లున్నది మీ లెక్క. చివరికి మన చెవి దాకా శబ్దాన్ని మోసుకొచ్చేది స్పీకరే కదండీ?

భాస్కరం: స్పీకరు నోరు మాత్రమే, మెదడు రిసీవరులో ఉంటుంది. ఏ చానెల్ శబ్దం ఎటు పోవాలో విడగొట్టేది అదే, బలం ఇచ్చేదీ అదే. ఇదిగో, కాగితం మీద స్పష్టంగా అచ్చు వేశారు. చానెల్‌కు 150 వాట్లు, అటువంటివి ఏడు.

లలిత: (కళ్లజోడు సవరించుకొని) పెద్ద అక్షరాలు మీరు చదివారు కాబట్టి చిన్న అక్షరాలు నేను చదువుతాను. "ఒక్క చానెల్ మాత్రమే నడుస్తున్నప్పుడు, 1 కిలోహెర్ట్జ్ స్వరం దగ్గర, 10 శాతం వక్రీకరణతో" అని ఉంది. అంటే మీ మహాబలుడు మిగిలిన ఆరుగురినీ నిద్రపుచ్చి, ఒకే ఒక్క స్వరం పాడుతూ, అందులోనూ పదోవంతు అపస్వరం కలుపుతున్నప్పుడే 150 వాట్లు ఇస్తాడన్నమాట.

భాస్కరం: సరే, అందులో సగమే ఇస్తాడనుకుందాం. శబ్దం సగమైపోతే సినిమా చూసిన సంతృప్తి ఏముంటుంది?

లలిత: వాట్లు సగమైతే శబ్దం సగం కాదు, 3 డెసిబెల్స్ తగ్గుతుంది. రిమోటు మీద రెండు మూడు నొక్కుల తేడా అది. చెవికి శబ్దం రెట్టింపయినట్లు తోచాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, దానికి పది రెట్ల వాట్లు కావాలి. అదే, ఒక వాటు ఇస్తే ఒక మీటరు దూరాన 84 డెసిబెల్స్ పలికే స్పీకరుకు బదులు 90 పలికేదాన్ని ఎంచుకుంటే, నాలుగో వంతు వాట్లతోనే అంతే మోత వస్తుంది. స్పీకరు వెనక చీటీలో ఆ అంకెను సెన్సిటివిటీ అని రాస్తారు. మీరు మూడు రాత్రులు మేలుకొని ఆ ఒక్క గడినీ ఖాళీగా వదిలేశారు.

(భాస్కరం జాబితాను తిరగేసి చూసుకున్నాడు. గడి నిజంగానే ఖాళీగా ఉంది. భర్తలు ఇటువంటి సందర్భాల్లో విషయం మారుస్తారు.)

భాస్కరం: కేబుళ్ల విషయంలో మాత్రం నేను రాజీపడను. బొటనవేలంత లావున్న తీగ, బంగారు పూత పూసిన కొనలు ఉంటే గాని శబ్దంలో నిగారింపు రాదు.

లలిత: 1.5 చదరపు మిల్లీమీటర్ల మామూలు రాగితీగ 5 మీటర్ల దూరానికి రానూ పోనూ కలిపి 0.12 ఓముల నిరోధం కూడా చూపదు. 8 ఓముల స్పీకరు ముందు అది ఏనుగు మీద వాలిన ఈగ. తీగ కొనేటప్పుడు చూసుకోవలసింది, రాగి అని చెప్పి రాగిపూత పూసిన అల్యూమినియం అంటగట్టకుండా ఉండటమే. కేబుళ్లకు కేటాయించిన పావు వంతును వెంటనే వెనక్కి ఇవ్వండి.

భాస్కరం: నీకు శాస్త్రం తెలుసు గాని రసం తెలియదు. అసలు హోమ్ థియేటరు నీకెందుకు అక్కర్లేదో నాకు అర్థం కావడం లేదు.

లలిత: నాకు కావాలి కాబట్టే ఇంత మాట్లాడుతున్నాను. నాకు మాటలు వినబడాలి. కథానాయకుడు చనిపోతూ చెప్పే రహస్యం ఒక్కటీ ఇంతవరకు నా చెవిన పడలేదు. అతనిని చంపిన బాంబు మాత్రం పక్కింటివారికి కూడా వినబడింది. మాటలకు పెంచడం, పేలుళ్లకు తగ్గించడం, ఈ పనితోనే రిమోటు మీద ఆ రెండు బొత్తాల గుర్తులు చెరిగిపోయాయి. ఇప్పుడు ఏది ప్లస్సో ఏది మైనస్సో తడిమి తెలుసుకుంటున్నాను.

భాస్కరం: అది సినిమావాళ్ల తప్పు గాని నా స్టీరియో తప్పు కాదు. ఈ స్పీకర్లను నా చేతులతో నేను బిగించాను. వీటి ధ్వనిలో ఉన్న విశాలత ఏ ఇంట్లోనూ వినలేదని వచ్చినవాళ్లందరూ అన్నారు.

లలిత: అన్నారు నిజమే. గాయకుడు ఎక్కడున్నాడో తెలియక గదంతా కలయజూసి, మర్యాదకు అన్నారు. ఆ విశాలత మీద నాకు చాలా కాలంగా అనుమానం ఉంది. ఆ గోడగడియారం దించి, అందులోని బ్యాటరీ ఇలా ఇవ్వండి.

భాస్కరం: గడియారానికీ గాయకుడికీ సంబంధం ఏమిటి?

లలిత: యాంప్లిఫయరు ఆపి, వెనక నుంచి రెండు స్పీకర్ల తీగలూ విప్పి, ముందున్న గుడ్డ మూతలు తీయండి. ఎర్రది తగిలించిన చోటి నుంచి వచ్చిన తీగను బ్యాటరీ ప్లస్ కొనకు, నల్లదాన్ని మైనస్ కొనకు క్షణం పాటు తాకిస్తాను. 1.5 వోల్టులకు స్పీకరుకేమీ ప్రమాదం లేదు. సరిగ్గా బిగించి ఉంటే లోపలి కోన్ ముందుకు రావాలి. ఇదిగో, కుడివైపుది చూడండి.

(టప్‌మని చిన్న చప్పుడైంది. కుడి స్పీకరు కోన్ పలకరించినట్లు ఒక్క పిసరు ముందుకు వచ్చింది.)

భాస్కరం: వచ్చింది కదా! బిగించింది ఎవరనుకున్నావు?

లలిత: ఇప్పుడు ఎడమది.

(టప్. ఎడమ స్పీకరు కోన్ సిగ్గుపడినట్లు లోపలికి పోయింది. భాస్కరం వంగి, మళ్లీ తాకించమన్నాడు. మళ్లీ లోపలికే పోయింది. మూడోసారి ఆయన అడగలేదు.)

లలిత: పదకొండేళ్లుగా ఒకటి ముందుకు నెడుతుంటే రెండోది వెనక్కి లాగుతోంది. ఒకదాని గాలిని మరొకటి మింగేయడం వల్ల బరువైన స్వరాలు కరిగిపోయాయి, నడుమ నిలబడవలసిన గొంతుకు నిలువ నీడ లేకుండా పోయింది. మీరు విశాలత అని పేరు పెట్టింది దీనికేనండీ.

భాస్కరం: ఆ రోజు కరెంటు పోయింది కాబట్టి కొవ్వొత్తి వెలుతురులో ఎరుపూ నలుపూ ఒకేలా కనిపించి ఉంటాయి. నేను బిగించేటప్పుడు కొవ్వొత్తి పట్టుకున్నది ఎవరో గుర్తు చేసుకోమంటున్నాను.

లలిత: కొవ్వొత్తి పట్టుకున్నవారికి తీగలు అప్పగించి ఉంటే ఈ ముచ్చట ఉండేది కాదు.

(తీగలు మార్చి బిగించారు. ఒక పాత పాట పెట్టారు. గాయకుడు పదకొండేళ్ల తరువాత ఇల్లు చేరినవాడిలా వచ్చి టీవీకి సరిగ్గా మధ్యలో నిలబడ్డాడు. తన కుర్చీలో కూర్చున్న భాస్కరం కాసేపు ఏమీ అనలేకపోయాడు.)

భాస్కరం: లలితా, అక్కడ స్పీకరే లేదు, అయినా గొంతు అక్కడి నుంచే వస్తోంది! ఇక మధ్య స్పీకరు కొనవలసిన పనే లేదు. ఆ డబ్బుతో మరో రెండు వెనక స్పీకర్లు వస్తాయి.

లలిత: మీకు మధ్య నుంచే వస్తుంది, ఎందుకంటే మీరు మధ్యలో కూర్చున్నారు. నేనిక్కడ కుడిగోడ పక్కన కూర్చుంటే పాటంతా కుడి స్పీకరులోనే ఉంది. దగ్గరి స్పీకరు ధ్వని ముందుగా అందుతుంది, ముందుగా అందిన వైపే మనిషి ఉన్నాడని చెవి నమ్ముతుంది. రెండు స్పీకర్ల స్టీరియోలో సరైన కుర్చీ ఒక్కటే ఉంటుందండీ, దాన్ని ఇన్నాళ్లూ మీరు వదలలేదు.

భాస్కరం: ఆ కుర్చీ మీద నాకున్న హక్కు చారిత్రకమైనది.

లలిత: చరిత్ర అన్నారు కాబట్టి చెబుతున్నాను. ఈ స్టీరియోను తలపెట్టిన బ్లమ్‌లైన్ అనే ఇంగ్లండు ఇంజనీరు 1931లో కాబోయే భార్యను వెంటబెట్టుకొని సినిమాకు వెళ్లాడట. నటుడు తెర మీద అటు నుంచి ఇటు నడుస్తున్నా గొంతు ఒక్క చోటి నుంచే వస్తోందని, మనిషి వెంట గొంతును నడిపించే ఉపాయం తన దగ్గర ఉందని ఆమెతో చెప్పాడట. ఆ డిసెంబరులోనే పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. ఆ మహానుభావుడు కాబోయే భార్యకు గొంతును నడిపిస్తానని మాట ఇచ్చాడు. మీరు కుర్చీ కూడా జరపరు.

భాస్కరం: ఆవిడ ఆ హాలులో ఏ కుర్చీలో కూర్చున్నదో చరిత్ర చెప్పలేదు కదా.

లలిత: అందుకే సూటిగా అడుగుతున్నాను. మధ్య కుర్చీ నాకు ఇస్తారా, మధ్య స్పీకరు కొంటారా? సినిమాల్లో మాటలు చాలావరకు పెట్టేది ఆ మధ్య చానెల్‌లోనే. అది ఉంటే ఎవరు ఏ మూల కూర్చున్నా మాట తెర దగ్గరి నుంచే వస్తుంది, మాటలను మాత్రమే విడిగా పెంచుకోవచ్చు.

(భాస్కరం కుర్చీ చేతులను రెండు చేతులా పట్టుకొని ఆలోచించాడు. ఎంతో సేపు ఆలోచించలేదు.)

భాస్కరం: మధ్య స్పీకరు కొందాం.

లలిత: కొంటే ఈ రెండింటి వరుసలోదే కొనాలి. లేకపోతే మనిషి తెర మీద అటు నుంచి ఇటు నడిచేలోగా గొంతు మూడుసార్లు మారుతుంది. దాన్ని అరలోపలికి తోసి దాచకూడదు, అర అంచు దాకా ముందుకు పెట్టాలి. రిసీవరు వాడినది అయినా చాలు, టీవీ శబ్దాన్ని ఒక్క హెచ్‌డీఎమ్ఐ తీగతో తెచ్చుకునే ఏఆర్‌సీ సదుపాయం ఉంటే సరిపోతుంది. మీ ఏడు చానెళ్లు ఈ గదిలో పట్టవు. 5.1, అంటే ఐదు స్పీకర్లు, చుక్క తరువాతి ఒకటిగా సబ్‌ఊఫరు ఉండే అమరిక తీసుకొని, వెనక రెండూ వచ్చే ఏడాది చూసుకుందాం.

భాస్కరం: అన్నీ ఒకే పెట్టెలో వచ్చే సెట్టు చవక కదా?

లలిత: చవకే. అందులో ఒకటి పాడైతే దానికి మాత్రమే సరిపోయే ప్లగ్గు మరెక్కడా దొరకక మిగిలిన ఐదూ అటకెక్కుతాయి.

భాస్కరం: అయితే ఆ చుక్క ఒకటి దగ్గరే నాకు అభ్యంతరం ఉంది. నీ తమ్ముడు ఇచ్చిన ఈ సబ్‌ఊఫరులో పస లేదు. నిన్నంతా ఈ కుర్చీలో కూర్చుని విన్నాను. పేలుడు వచ్చినప్పుడు కూడా పిల్లి దగ్గినట్లుంది. అరువిచ్చే వస్తువు పనికివచ్చేది ఎవరిస్తారు?

లలిత: నిన్న నా కుర్చీ వణికి కళ్లజోడు కిందపడింది. మా తమ్ముడి మీద నింద వేసే ముందు మీ కుర్చీని అనుమానించండి. శబ్దం సెకనుకు 343 మీటర్లు పోతుంది కాబట్టి 40 హెర్ట్జ్ స్వరం అల పొడవు ఎనిమిదిన్నర మీటర్లు. ఈ గది పొడవు దానికి ఇంచుమించు సగం. అలాంటి గదిలో ఆ స్వరం గోడల దగ్గర ఉప్పొంగి, సరిగ్గా నడిమధ్యలో ఆరిపోతుంది. గదంతటిలో బాస్ లేని చోటును వెతికి మరీ మీరు సింహాసనం వేసుకున్నారు.

భాస్కరం: (తగ్గిన స్వరంతో) దీనికి ఉపాయం ఏమిటి?

లలిత: కుర్చీని రెండడుగులు వెనక్కి జరిపి, సబ్‌ఊఫరును ఆ కుర్చీలో కూర్చోబెట్టాలి. ఒకే బాస్ పాటను ఆపకుండా పెట్టి, మీరు గోడల వెంట నేల మీద పాకుతూ వినాలి. ఎక్కడ స్వరాలన్నీ సమంగా వినబడితే అది సబ్‌ఊఫరు చోటు. పెట్టె, చెవి తమ స్థానాలు మార్చుకున్నా ఫలితం మారదని ధ్వనిశాస్త్రం చెబుతుంది.

భాస్కరం: మీ తమ్ముడి పెట్టె నా కుర్చీలో కూర్చుంటే, నేను దాని చుట్టూ పాకాలా?

లలిత: ఇది నేను కల్పించిన శిక్ష కాదు, ఈ విద్య తెలిసినవాళ్లందరూ చేసే పనే.

(సబ్‌ఊఫరు సింహాసనం ఎక్కింది. భాస్కరం పంచె ఎగదోపి, తల నేలకు ఆనించినంత పని చేస్తూ పాకడం మొదలుపెట్టాడు. టీవీ మూల దగ్గర మోత ఎక్కువై ముఖం చిట్లించాడు, తలుపు దగ్గర ఏమీ వినబడక తల విదిలించాడు. ఎడమగోడ మధ్యకు కాస్త ఇవతల, లలిత పుస్తకాల బీరువా ముందు, చటుక్కున ఆగి చెయ్యెత్తాడు.)

భాస్కరం: దొరికింది! ఒక్కొక్క స్వరం విడివిడిగా, ముత్యాల్లా వినబడుతోంది. ఇక ఈ బీరువాను ఇక్కడి నుంచి తీసేయక తప్పదు. నువ్వు చెప్పిన శాస్త్రమే ఇది, నేను కల్పించింది కాదు.

లలిత: బీరువా ఎందుకు తీయాలండీ? పెట్టె, చెవి స్థానాలు మారినా ఫలితం మారదని చెప్పాను కదా. మీరు అక్కడే కూర్చోండి. సబ్‌ఊఫరు మీ కుర్చీలో హాయిగానే ఉంది.