రాయి మ్యూజియంకు, మట్టి లారీలోకి

గోదావరి ఒడ్డున రాతి గొడ్డలి దొరికితే ఫొటో తీస్తాం, వార్త రాస్తాం, అద్దాల పెట్టెలో పెడతాం. కానీ దాని వయసు చెప్పేది రాయి కాదు, అది కూరుకుపోయిన మట్టి. ఆ మట్టే మొరంగా, ఇసుకగా లారీలకెక్కుతోంది.

ఆకారం చూస్తే కాలం తెలియదా అనే పెద్దలున్నారు. ఏది ముందు, ఏది వెనక అన్నంత వరకు తెలుస్తుంది. అంకె మాత్రం రాదు. తమిళనాడులోని అత్తిరంపాక్కంలో లెవల్వా పెచ్చులు (రాయిని ముందే తీరుగా చెక్కి, దాని నుంచి ఒక్క దెబ్బతో ఊడగొట్టే పద్ధతివి) 3.85 లక్షల ఏళ్ల నాటివని 2018లో తేలింది. మన దేశంలో ఆ పద్ధతికి అంతవరకు అనుకున్న వయసు అందులో సగమైనా లేదు.

కార్బన్ లెక్క 50 వేల ఏళ్ల దగ్గరే ఆగిపోతుంది. ఆపైన ఆధారం ఇసుక రేణువే. ఎండ తగిలిన క్వార్ట్జ్ (పలుగురాయి) రేణువులో అంతకుముందు దాచుకున్న శక్తి ఖాళీ అవుతుంది. పూడుకుపోయాక చుట్టూ ఉన్న యురేనియం, థోరియం, పొటాషియం నుంచి వచ్చే రేడియేషన్‌ను ఏటా కొంత దాచుకుంటుంది. ల్యాబులో కాంతి పడగానే దాన్ని వెలుగుగా వదిలేస్తుంది. రేణువు దాచింది 150 గ్రేలు (రేడియేషన్ కొలిచే లెక్క), వెయ్యేళ్లకు అందేది 2 గ్రేలు అనుకుంటే వయసు 75 వేల ఏళ్లు. లక్ష, లక్షన్నర ఏళ్లు దాటితే క్వార్ట్జ్ నిండిపోతుంది, ఫెల్డ్‌స్పార్ అనే మరో ఖనిజపు రేణువును పట్టుకోవాలి. అత్తిరంపాక్కంలో చేసింది అదే.

చెడేదంతా తవ్వే చోటే చెడుతుంది. ఎండ సోకిన పైపొర చెక్కేసి, అడుగు పొడవు స్టీలు గొట్టాన్ని సమ్మెటతో తవ్విన గుంత గోడలోకి దించాలి. గొట్టం నిండా మట్టి దిగాలి. వెలితి ఉంటే దారిలో కుదుపులకు చివరన వెలుగు తగిలిన రేణువులు లోపలివాటితో కలిసిపోతాయి. చివర్లు మూసి, నల్ల కవరు చుట్టాలి. తేమ కొలవడానికి అదే పొర మట్టి వేరే సంచిలో తీయాలి. నీరు రేడియేషన్‌ను మింగేస్తుంది కాబట్టి తేమను తక్కువ లెక్కిస్తే వయసూ తక్కువొస్తుంది. మన రేగడిలో ఇంకో చిక్కు: ఎండాకాలం నెర్రెల్లోంచి పైమట్టి కిందికి జారి పాతపొరను కొత్తదిగా చూపిస్తుంది. వరద మట్టిది అందుకు తలకిందులు. బురదనీళ్లలో ఎండ సరిగా తగలని రేణువు ఉన్నదానికంటే ఎక్కువ వయసు చెబుతుంది. గొడ్డలి అంచు కూడా వేలితో తడిమి చూడాలి. అరిగి నున్నబడితే ఏరు ఎక్కడి నుంచో దొర్లించుకొచ్చినట్టే. అప్పుడు తేలేది పూడుకున్న కాలమే, చెక్కిన కాలం కాదు.

కర్నూలు వైపు జ్వాలాపురంలో 74 వేల ఏళ్ల నాటి టోబా (ఇండోనేషియా అగ్నిపర్వతం) బూడిదకు కిందా పైనా పనిముట్లు దొరికాయి. ఆ పనిముట్లు చేసిన మనుషులు సముద్ర తీరం పట్టుకుని వచ్చారా, నదుల లోయల వెంట లోపలికి నడిచారా? జవాబులో సగం మంథని నుంచి ఏటూరునాగారం దాకా ఉన్న గోదావరి గట్లలో ఉండాలి. మనమేమో ఓరుగల్లు చరిత్రను కాకతీయులతో మొదలుపెట్టి కాకతీయులతోనే ముగిస్తున్నాం. వెయ్యిస్తంభాల గుడికి కంచె ఉంది, మంచిదే. గట్లలో పనిముట్లు దాచుకున్న గులకరాళ్ల పొరకు కంచె కాదు కదా, పేరు కూడా లేదు. మొరానికి, ఇసుకకు అనుమతి ఇచ్చే ముందు ఒక గోడ నిలువుగా కోసి, పొరకో గొట్టం తీయడాన్ని షరతుగా పెట్టాలి. లారీ లోడయ్యాక ఆ పొరను ఏ ల్యాబూ తిరిగి పేర్చలేదు.