సంచారి క్లారిఫయర్‌ను సంసారిని చేసే కుట్ర

అమెరికా ప్రభుత్వం 1977 జనవరి 1 నుంచి సీబీ రేడియోకి (సిటిజన్స్ బ్యాండ్, మామూలు జనం మాట్లాడుకునే రేడియో) 40 ఛానళ్లు ఇచ్చింది. 26.965 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలై 27.405 దగ్గర ఆగుతాయి. ఈ నలభై గదులూ చాలక గోడల సందుల్లో కాపురం పెడతామనే పెద్దమనుషులు అప్పటినుంచీ ఉన్నారు. వీళ్లు సైడ్‌బ్యాండ్ సెట్టు (ఏఎం తరంగంలో ఒక పక్కనే, అప్పర్ గానీ లోయర్ గానీ, పంపేది) కొన్నాక మొదట మాట్లాడరు, మూత విప్పుతారు.

మూత కింద వాళ్లకి కనిపించేది అణచివేత. ఫ్రీక్వెన్సీని కాస్త అటూ ఇటూ జరిపే క్లారిఫయర్ నాబ్ తిప్పితే వినడానికే పనికొస్తుంది. మైకు బటన్ నొక్కగానే, వోల్టేజీని బట్టి కెపాసిటెన్స్ మార్చి ఫ్రీక్వెన్సీని కదిపే వారాక్టర్ డయోడ్‌కి వెళ్లే వోల్టేజీ నాబ్‌ని వదిలేసి, రెండు రెసిస్టర్ల మధ్య నుంచి వచ్చే స్థిరమైన వోల్టేజీకి మారిపోతుంది. కోరిన చోట వినొచ్చు, మాట్లాడటం మాత్రం ఉన్నచోటే. ఇంత అన్యాయాన్ని సహించలేక స్వాతంత్ర్య యోధులు ఆ తాళం పగలగొడతారు. అక్కడితో ఆగితే పర్వాలేదు. 8 వోల్టుల రెగ్యులేటెడ్ లైను పీకేసి నాబ్‌కి నేరుగా 13.8 వోల్టులు తగిలిస్తారు. చాలకపోతే ఫ్రీక్వెన్సీని నిలిపే క్రిస్టల్‌కి సిరీస్‌లో ఇంకో కాయిల్ వేస్తారు. నాబ్ జరిపే రేంజి అయిదు కిలోహెర్ట్జ్ దాటింది, జయహో!

మర్నాటి నుంచి ఫిర్యాదు: సెట్టుకి నిలకడ లేదట. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని అడిగే ధైర్యం మనకి లేదు.

నిజానికి ఈ సంచారాన్ని చట్టం కూడా కొంత ఓర్చుకుంటుంది. మిలియన్‌కి 50 భాగాల తేడా దాకా సరే అంది, అంటే అటూ ఇటూ 1.35 కిలోహెర్ట్జ్. ఓర్వలేనిది పాడు చెవి. ఏఎంలో ఈ తేడా ఎవరికీ పట్టదు. సైడ్‌బ్యాండ్‌లో రెండు మూడొందల హెర్ట్జ్ జరిగితే చాలు, ఎంతటి గంభీర కంఠమైనా బాతులా పలుకుతుంది. 38వ ఛానల్ లోయర్ సైడ్‌బ్యాండ్‌లో అలాంటి బాతులు చెరువు నిండా ఉంటాయి.

ఈ స్వేచ్ఛకి శత్రువులు కొందరున్నారు. సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని సంచారిని సంసారిని చేద్దామని చూస్తారు. పాఠకులు జాగ్రత్తపడాలి కనుక వాళ్ల పన్నాగం విప్పి చెప్పడం మా విధి.

మొదట వాళ్ల కన్ను కరెంటు మీద పడుతుంది. సైడ్‌బ్యాండ్‌లో గట్టిగా పలికిన ప్రతి అక్షరానికీ ఫైనల్ ట్రాన్సిస్టర్ ఒక్క గుక్కలో కరెంటు లాగుతుంది, 13.8 కాస్తా కిందికి దిగుతుంది. వారాక్టర్‌కి వోల్టేజీ తగ్గితే కెపాసిటెన్స్ పెరుగుతుంది, ఫ్రీక్వెన్సీ జారుతుంది. మాట మాటకీ గమకం! ఈ సంగీతాన్ని ఆపడానికి 78ఎల్08 అనే 8 వోల్టుల రెగ్యులేటర్ పెడతారు: ఇన్‌పుట్‌కి 0.33 మైక్రోఫారడ్, అవుట్‌పుట్‌కి 0.1, రెండూ కాళ్లకి అంటుకునేలా. లోపలికి కనీసం 10 వోల్టులు రావాలి, లేకపోతే అది ఉన్నా లేనట్టే. దాన్ని క్రిస్టల్ పక్కన పెట్టరు, వేడి కదా. నాబ్‌కి వెళ్లే తీగ పొడవైతే ఏరియల్‌లా ఆర్ఎఫ్ (రేడియో తరంగాలు) లాగి మళ్లీ వారాక్టర్‌నే ఊపుతుంది. అందుకని షీల్డ్ వైరు వేసి, ఆ తీగకి వారాక్టర్ వైపు చివర 0.01 మైక్రోఫారడ్ గ్రౌండ్‌కి వేస్తారు. నాబ్ కిందున్న గరగరలాడే పాత కార్బన్ పాట్ (తిప్పితే విలువ మారే రెసిస్టర్) తీసి, అదే విలువది పది చుట్ల పాట్ బిగిస్తారు.

తర్వాత కాయిల్. క్రిస్టల్‌కి సిరీస్‌లో ఇండక్టెన్స్ పెంచేకొద్దీ క్రిస్టల్ మాట చెల్లదు, కాయిల్ మాటే చెల్లుతుంది. ఫెర్రైట్ కోర్ కాయిల్ వేడికి విలువ మార్చుకుంటుంది. పైగా ఆ క్రిస్టల్ ఫ్రీక్వెన్సీని మూడింతలు చేసే సెట్లలో అక్కడ వంద హెర్ట్జ్ తప్పితే ఏరియల్ దగ్గర మూడొందలు తప్పుతుంది. కాబట్టి ఆ దుర్మార్గులు అదనపు కాయిల్ పీకేస్తారు. చుట్టూ ఉన్న చవక సిరామిక్ డిస్కులు తీసి, వేడికి విలువ మారని ఎన్‌పీఓ కెపాసిటర్లు వేస్తారు.

ఇంత చేసినా వేడికి కాస్త జారుతుంది. వారాక్టర్ వేడెక్కితే కెపాసిటెన్స్ పెరుగుతుంది. తక్కువ వోల్టేజీ దగ్గర ఈ జబ్బు ఎక్కువ, అందుకే నాబ్ కింది చివర రెండు వోల్టులకి తగ్గకుండా ఒక రెసిస్టర్ వేస్తారు. అప్పటికీ వేడికి ఫ్రీక్వెన్సీ తగ్గుతుంటే ఎన్‌పీఓలో కొన్ని పికోఫారడ్‌లు తగ్గించి, అంతే విలువకి, వేడికి విలువ తగ్గే ఎన్750 కెపాసిటర్ కలుపుతారు. ఎక్కువ కలిపితే ఎదురు దిక్కుకి పరుగెడుతుంది.

కొలతలో కూడా మహా కర్కశులు. ప్రోబ్‌ని నేరుగా క్రిస్టల్ మీద పెట్టరు, ప్రోబ్ కెపాసిటెన్సే దాన్ని లాగేస్తుంది. ఏరియల్ బదులు 50 ఓముల డమ్మీ లోడ్ మీద ఒక కిలోహెర్ట్జ్ టోన్ ఇచ్చి ఫ్రీక్వెన్సీ కౌంటర్‌లో చూస్తారు, అప్పర్ సైడ్‌బ్యాండ్‌లో ఆ కిలోహెర్ట్జ్ తీసేస్తారు, లోయర్‌లో కలుపుతారు. మూత బిగించి, అరగంటపాటు అయిదేసి నిమిషాలకి రాసుకుంటారు. మూత తెరిచి కొలిచిన నిలకడ మూత పెట్టగానే పోతుందని వాళ్లకి తెలుసు.

ఒక చిన్న మాట: సీబీ సెట్టు లోపల ఇలా చెయ్యి పెడితే అమెరికాలో దాని ధృవీకరణ పోతుంది. లైసెన్సున్న హ్యామ్‌లు (ఔత్సాహిక రేడియో వాళ్లు) ఇదే సెట్టుని 28 మెగాహెర్ట్జ్‌కి మార్చుకుని ఇవే తిప్పలు పడతారు, వాళ్లకి అభ్యంతరం లేదు.

అన్నీ అయ్యాక కౌంటర్‌లో అంకెలు కదలవు, రేంజి మాత్రం సగానికి సగం పడిపోతుంది. అవతలి వాడు మొదటిసారి వీళ్ల గొంతు గుర్తుపడతాడు. యోధుడు మూత బిగిస్తాడు. పీకేసిన కాయిల్‌ని మాత్రం పారేయడు, అగ్గిపెట్టెలో పెట్టి సొరుగులో దాచుకుంటాడు.