పీల్చే ఊపిరికీ పాట ఉంది: వింకో గ్లోబోకార్

ట్రాంబోన్ అనే ఇత్తడి ఊదుడు వాద్యం పలికేది వాయించేవాడు ఊపిరి వదిలేటప్పుడు. పీల్చుకునే ఆ అరక్షణం వాద్యం మూగబోతుంది. అది బయటికి తెలియనివ్వకపోవడమే విద్వత్తు అని అందరం అనుకుంటాం. స్లొవేనియన్ స్వరకర్త వింకో గ్లోబోకార్ 1973లో దీన్ని తిరగేశారు. ఆ ఏడాది రాసిన ఒక సోలో రచనలో కళాకారుడు గాలి పీలుస్తూ కూడా వాయించాలి, శబ్దం తెగకూడదు. వినడానికి ఇంపుగా ఉంటుందా? ఉండదు. కానీ ఆ మనిషి పడే కష్టం మన చెవిన పడకుండా పోదు.

ఈయన్ను గారడీవాడని కొట్టిపారేసేవాళ్లు చాలామందే. నాకు మాత్రం ఆ గారడీలో శ్రమ కనిపిస్తుంది.

ఆయన 1934లో ఫ్రాన్స్‌లోని ఆండెర్నీలో పుట్టారు. అది లొరేన్ ఇనుప గనుల సీమ. తల్లిదండ్రులు స్లొవేనియా నుంచి వలస వచ్చినవాళ్లు. 1947లో స్లొవేనియాలోని లుబ్లియానా చేరి, అక్కడ జాజ్ బృందాల్లో ట్రాంబోన్ పట్టారు. 1955లో మళ్లీ ఫ్రాన్స్‌కే వెళ్లి పారిస్ కన్జర్వేటరీ అనే సంగీత కళాశాలలో చదివారు. స్వరరచన రెనే లైబోవిట్జ్ దగ్గర, ఆ తర్వాత లుచానో బెరియో దగ్గర నేర్చుకున్నారు. రెండు దేశాలు, రెండు భాషలు. 1980లలో రాసిన మూడు భాగాల పెద్ద రచనకు ‘వలసజీవులు’ అన్న అర్థం వచ్చే పేరు పెట్టడం యాదృచ్ఛికమని నేను అనుకోను.

1969లో మరో ముగ్గురితో కలిసి ‘న్యూ ఫోనిక్ ఆర్ట్’ బృందం పెట్టారు. వేదికెక్కే ముందు ఏమీ అనుకోకుండా, అప్పటికప్పుడు వాయించడమే దాని పద్ధతి. 1970లలో ఫ్రెంచ్ స్వరకర్త పియేర్ బులేజ్ పారిస్‌లో నెలకొల్పిన ‘ఇర్కామ్’ అనే సంగీత పరిశోధన సంస్థలో వాద్యాలు, గొంతులపై పరిశోధన విభాగం ఈయన చేతికొచ్చింది. కంప్యూటర్ల మోజు మొదలైన చోట పెదవి, నాలుక, ఊపిరితిత్తుల గురించి ఆలోచించే పని అన్నమాట.

మనకు తేలిగ్గా అందేది ‘టుషే’. ఇదీ 1973 నాటిదే. జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ నాటకం ‘గెలీలియో’లోని మాటలు పలుకుతూ ఒకే వ్యక్తి చేతులతో తాళవాద్యాలు వాయిస్తాడు. ఒక్కో అచ్చుకు ఒక్కో శబ్దం. పోనుపోను గొంతు తగ్గి, వాద్యమే మాట్లాడుతున్నట్టు ఉంటుంది. మృదంగం నేర్చుకునేవాళ్లు ముందు జతులు నోట పలికి తర్వాత చేతికి తెచ్చుకోవడం చూసినవాళ్లకు ఇది వింతగా తోచదు. తేడా ఒకటుంది: జతికి నిఘంటువులో అర్థం ఉండదు, ఇక్కడ చేతికి దిగుతున్నది ఒక వాదన.

అన్నీ ఇంత పదునుగా ఉన్నాయని చెప్పలేను. స్లొవేనియా ఒకప్పుడు భాగంగా ఉన్న యుగోస్లావియా ముక్కలైన యుద్ధాల నేపథ్యంలో 2000–2004 మధ్య రాసిన ‘చరిత్ర దేవదూత’ ఆర్కెస్ట్రాను రెండుగా చీల్చి ఎదురెదురుగా నిలబెడుతుంది. ఆలోచన గొప్పదే, కానీ ఆ బరువులో ఒక్క మనిషి ఊపిరి వినబడదు. ఆయన బలమంతా ఆ ఒక్క మనిషిలోనే ఉంది.

అందుకే 1985 నాటి ‘కోర్పొరెల్’ నాకు అన్నిటికన్నా ఇష్టం. పేరుకు ముందు ప్రశ్నార్థకం ఉంటుంది. కళాకారుడు చొక్కా లేకుండా, చెప్పుల్లేకుండా నేల మీద కూర్చుంటాడు. చేతిలో వాద్యం ఉండదు. సొంత ఒళ్లునే చరుస్తాడు, రుద్దుతాడు, బుసకొడతాడు. దీన్ని రికార్డులో వింటే సగమే దొరుకుతుంది. దెబ్బ పడిన చోట చర్మం ఎర్రబడటం కళ్లతో చూడాలి.